కొత్తమ్మాయి కుడి మూల

ఆ దేశానికి వచ్చి పదేళ్లు దాటింది, పాపిట దగ్గర తెల్లవెంట్రుకలు కూడా తొంగిచూస్తున్నాయి, అయినా జట్టులో అందరికీ ఆమె కొత్తమ్మాయే. ఎదురుగానూ అలాగే పిలిచేవారు, చాటుగానూ అలాగే పిలిచేవారు. టేబుల్ టెన్నిస్ ఆడటానికి వేరే దేశం నుంచి వచ్చి, ఇక్కడి భాషలో పరీక్ష రాసి, ఇక్కడి జెండా ముందు ప్రమాణం చేసి, పుట్టిన దేశం పాస్‌పోర్టు తిరిగిచ్చేసిన మనిషి. ప్రమాణం అయ్యాక అధికారి చెయ్యి కలిపి, "ఇక మీరు మావాళ్లే" అన్నాడు. అధికారి మాటకేం, అది ఆ గది వరకే. ఆమె గెలిస్తే "మన జట్టు గెలిచింది" అనేవారు, ఓడితే "కొత్తమ్మాయి ఓడింది" అనేవారు.

దానికి తోడు పొగరుబోతన్న పేరొకటి. పలకరిస్తే పలకదట. పక్కన వచ్చి కూర్చుంటే తల కూడా తిప్పదట. నీళ్ల సీసా అందిస్తే చూడనట్టే ముందుకు పోతుందట. "నెత్తిన కళ్లు పెట్టుకుని నడుస్తుంది" అని నలుగురూ నాలుగు రకాలుగా చెప్పుకున్నారు. పలకరించినవాళ్లూ, కూర్చున్నవాళ్లూ, సీసా అందించినవాళ్లూ అందరూ ఆమెకు కుడిపక్కన ఉన్నారన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. ఎందుకు తడుతుంది? మనిషిని పలకరించబోతూ, నేను ఏ పక్క నిలబడ్డానా అని ఎవరైనా చూసుకుంటారా?

ఆమెకే తట్టలేదు. ఇక వాళ్లనేం అనాలి.

పుట్టిన చోట ఆమె నీడగా పనిచేసింది. ఇదేం పనని ఆశ్చర్యపోకండి, ఆ దేశంలో అది ఉద్యోగమే. ఛాంపియన్ రేపు ఎవరితో తలపడాలో, అచ్చం వాళ్లలాగే ఇవాళ సాధనలో ఆడి చూపించాలి. వాళ్లది ఎడమచేతి వాటమైతే ఎడమచేత్తో ఆడాలి. సర్వీసుకు ముందు బంతిని బుగ్గకి రాసుకునే అలవాటుంటే రాసుకోవాలి. వెనకబడితే గోళ్లు కొరికే మనిషైతే గోళ్లూ కొరకాలి. పరాయివాళ్ల అలవాట్లూ భయాలూ పొద్దున్నే తొడుక్కుని, సాయంత్రానికి విప్పి పారేసి ఇంటికి పోవాలి. నీకంటూ ఒక ఆట ఉందా అని ఆమెను ఎవరూ అడగలేదు, అడగాలన్న ఊహ ఆమెకూ రాలేదు.

నీడల్ని తయారుచేసేది స్వయానా ఆమె మేనమామ. తండ్రి లేని పిల్ల, బల్ల అందక పెట్టె ఎక్కి నిలబడే వయసులో చేతికి బ్యాట్ ఇచ్చింది ఆయనే. ఇంట్లో మావయ్య, హాల్లో మాస్టారు. రెండు చోట్లా ఉన్నది ఒక్క మనిషేనని ఆమె చాలా ఏళ్లు నమ్మింది.

మావయ్యది ఒకటే సూత్రం. "లోపాన్ని నటించకూడదు, మొయ్యాలి" అనేవాడు. ఒకసారి ప్రత్యర్థి జట్టులో ఒకావిడ మడమ నొప్పితో ఆడుతోందని వీడియోలు చూసి కనిపెట్టాడు. ఆవిడ ఆ మాట బయటపెట్టలేదు, కట్టు కూడా కట్టుకోలేదు. మావయ్య ఒక గులకరాయి తెచ్చి మేనకోడలి బూటులో వేశాడు.

"కుంటినట్టు ఆడకు. కుంటు దానంతటదే నీ ఆటలోకి రావాలి" అన్నాడు.

ఆ రాయి మీదే ఆమె రోజుల తరబడి ఆడింది. ఏ బంతికి ఆ కాలు వెనకబడుతుందో ఛాంపియన్‌కి కంఠతా వచ్చేసింది. అసలు ఆట రోజున ఆవిడను సరిగ్గా ఆ మడమ మీదే పరుగులు పెట్టించారు. ఆవిడను స్ట్రెచర్ మీద మోసుకుపోయారు, మళ్లీ బల్ల దగ్గర ఎవరూ చూడలేదు. మావయ్య మేనకోడలి భుజం తట్టి, "ఇది నీ గెలుపే తల్లీ" అన్నాడు. ఆమె పొంగిపోయింది కూడా. మడమ ఎవరిదన్న ఆలోచన ఆ వయసులో రాదు.

అదే రోజుల్లో తల్లికి చూపు తగ్గడం మొదలైంది. తల్లి బట్టల ఫ్యాక్టరీలో అంచులు కుట్టేది. కుడివైపు అంచు వంకరపోతోందని సూపర్‌వైజర్ రోజూ చీవాట్లు పెట్టేవాడు. తలుపులకి గుద్దుకునేది, గ్లాసు బల్ల మీద అనుకుని గాల్లో పెట్టేది, "నా బుర్ర ఎక్కడుంటోందో" అని తనను తానే తిట్టుకునేది. చివరికి తమ్ముడే, అంటే మావయ్యే, ఆస్పత్రికి తీసుకువెళ్లాడు. కాగితం అంచు నుంచి లోపలికి కాలుకుంటూ వచ్చినట్టు, చూపు పక్కల నుంచి పోయే జబ్బట. ముందే వస్తే ఆపగలిగేవాళ్లం, పోయిందాన్ని మాత్రం ఎవరూ తేలేరు అన్నాడు డాక్టరు. ఇంకో మాట కూడా అన్నాడు. ఆ మాటను మేనకోడలికి నేను చెప్తానని మావయ్య అక్కకు మాటిచ్చాడు. కానీ పోటీలు దగ్గరపడ్డాయి, మేనకోడలు శిబిరంలో ఉంది. "అమ్మకి వయసు మీదపడింది, కళ్లు మందగించాయి. నువ్వు ఆట మీద ధ్యాస పెట్టు" అని మాత్రం చెప్పాడు.

ఆమె ధ్యాస పెట్టింది. పెట్టి పెట్టి, ఒకరోజు సాధనలో ఎవరిలాగానూ కాకుండా తనకు తోచినట్టు ఆడి ఛాంపియన్‌ని ఓడించింది. మావయ్య దగ్గరికి వచ్చి, "నిన్నెవరు ఆడమన్నారు?" అని అడిగాడు.

ఆ ఒక్క ప్రశ్నతో ఆమె మనసు విరిగిపోయింది. వేరే దేశం వాళ్లు ఆటగాళ్ల కోసం వెతుకుతున్నారని తెలిసి కబురు పెట్టింది. మావయ్య ఆపలేదు. "వెళ్తే వెళ్లు. ఇకమీదట నాకు మేనకోడలు లేదు" అన్నాడు. తల్లి తమ్ముడి ఇంట్లోనే ఉండిపోయింది. చూపు లేనిదానికి తెలిసిన గోడలే తోడు, కొత్త గోడలతో నేను వేగలేనంది.

కొత్త దేశంలో పౌరసత్వం దొరికినా ప్రపంచ పోటీల్లో దిగనివ్వలేదు. కొత్తగా చేరినవాళ్లు కొన్నేళ్లు ఆగాలని నియమం. ఆగింది. ఆగినన్నాళ్లూ చిన్నాచితకా పోటీలు ఆడుతూ, చలి గదుల్లో ఉంటూ, పరాయి భాషలో తిట్లు నేర్చుకుంటూ కాలం గడిపింది. తీరా గడువు తీరి, ప్రపంచ పోటీలు ఈ ఊళ్లోనే, ఆమె రోజూ సాధన చేసే హాల్లోనే జరగబోతున్నాయనేసరికి వయసు ముప్ఫై దాటింది. ఇంకో అవకాశం రాదని ఆమెకు తెలుసు, జట్టుకీ తెలుసు. ఈ ఒక్క పోటీ కోసమే పుట్టిన దేశాన్ని వదులుకుంది. ఇది కూడా చేజారితే రెంటికీ చెడ్డ రేవడే.

ఈ మధ్యలో పెళ్లి చేసుకుంది. పెళ్లికొడుకు ఆ హాలు చూసుకునే మనిషే. బల్లలు మట్టంగా ఉన్నాయో లేదో చూడటం, నెట్లు బిగించడం, చెమట పడ్డ నేల తుడవడం అతని పని. నోరు విప్పితే వేళాకోళం తప్ప మరొకటి రాదు. పెళ్లిచూపులంటూ వేరే లేవు, తుడిచిన నేల మీద ఆమె బూట్లతో నడిచింది, అతను తిట్టాడు, ఆమె వినిపించుకోలేదు. అతను కుడివైపు నుంచి తిట్టాడన్నది అప్పుడు లెక్కలోకి రాని సంగతి.

ఇంట్లో వంటగది తలుపుకి ఆమె కుడిభుజం తగలని రోజు లేదు. మొదట్లో నవ్వుకున్నారు. "ఈ తలుపుకి నీమీద ఏదో పాత పగుంది" అని అతను పాత బ్యాట్ల రబ్బర్ల కింద ఉండే స్పాంజి ముక్కలు కత్తిరించి, తలుపు చెక్కకి అంటించాడు. తర్వాత పడకగది తలుపుకీ అంటించాడు. ఆ తర్వాత అల్మరా మూలకి. ఇల్లంతా ఎర్రటి స్పాంజి ముక్కలు అతుకులు వేసినట్టు కనిపించేవి. కొత్తమ్మాయి టీ గ్లాసు బల్ల అంచుకి అవతల పెట్టి రెండు మూడుసార్లు పగలగొట్టింది. "పోన్లే, బల్ల చిన్నది" అన్నాడు అతను.

ఆటలోనూ చిన్న తేడా వచ్చింది. కుడి మూలకి వచ్చే బంతులు తప్పిపోతున్నాయి. ఇక్కడి కోచ్ చూసి, "కాళ్లు బరువెక్కాయి, మెట్లెక్కు" అన్నాడు. ఆమె మెట్లెక్కింది. బరువులు కట్టుకుని ఎక్కింది. కాళ్లు ఉక్కులా తయారయ్యాయి, కుడి మూల మాత్రం అలాగే ఖాళీగా ఉండిపోయింది.

తల్లికి ఫోన్ చేసినప్పుడల్లా ఆవిడ మొదట ఒకటే అడిగేది. మిగతా అమ్మలు తిన్నావా అని అడిగినట్టు ఈ అమ్మ, "కళ్లు చూపించుకున్నావా?" అని అడిగేది. తిన్నావా అంటే ఎవరైనా ఏమంటారు? తినకపోయినా తిన్నాననే అంటారు. కొత్తమ్మాయి కూడా "ఊఁ" అనేది. చూపు పోయిన మనిషి కదా, అందరి కళ్ల గురించీ బెంగ అనుకునేది.

"మావయ్య మాట్లాడడు గానీ, నీమీద ప్రేమ చావలేదే" అనేది తల్లి. "హాలు నుంచి రాగానే నీ ఆటలు పెట్టుకుని కూర్చుంటాడు. ఒకటే ఆట మళ్లీ మళ్లీ చూస్తాడు. ఈ మధ్య మరీనూ. అన్నం చల్లారిపోయినా లేవడు."

ఆ మాట విన్న రోజున కొత్తమ్మాయి కళ్లొత్తుకుంది. పోటీలకు మావయ్య వస్తాడు కదా, ఆట అయ్యాక ఎదుటి కోచ్‌తో చెయ్యి కలపడం మర్యాద కదా, అప్పుడైనా ఆ చెయ్యి పట్టుకోవచ్చని ఆశపడింది.

పోటీలు మొదలయ్యాయి. కొత్తమ్మాయి జట్టు గెలుస్తూ వచ్చింది, పాత దేశం జట్టూ గెలుస్తూ వచ్చింది, రేపు రెండూ తలపడాలి. జట్టులో ఆమె పాత దేశం ఛాంపియన్‌తోనే, ఒకప్పుడు తను సాధన చేయించిన మనిషితోనే ఆడాలని నిర్ణయమైంది. కెప్టెన్ వచ్చి ఆ సంగతి చెప్పింది. ఈ ఊళ్లోనే పుట్టి పెరిగిన పిల్ల, కొత్తమ్మాయి కన్నా చిన్నది, అయినా ఒక్కనాడూ అక్కా అన్న పాపాన పోలేదు.

"మీరు పాతవాళ్లని చూసి మెత్తబడరు కదా?" అంది కెప్టెన్. మర్యాదతో మనిషిని గుమ్మం బయట నిలబెట్టడం ఆ పిల్లకి బాగా వచ్చు.

"మెత్తబడను" అంది కొత్తమ్మాయి.

ఆ మధ్యాహ్నం సాధనకు కాస్త ముందే వెళ్లింది. పాత దేశం వాళ్ల సమయం ఇంకా అయిపోలేదు. మేడమీది వరండాలోకి వెళ్లి, అద్దంలోంచి కిందికి చూసింది. మూల బల్ల దగ్గర ఛాంపియన్ ఆడుతోంది. ఆమెకు ఎదురుగా నిలబడింది కొత్తమ్మాయే.

అంటే ఆమె కాదు, ఎవరో సన్నటి పిల్ల. కానీ ఆ నిలబడటం, ఆ మోకాళ్లు వంచడం, పాయింటు పోగానే బల్లని అరచేత్తో ఒకసారి తట్టడం అన్నీ కొత్తమ్మాయివే. ఆమెకు నవ్వొచ్చింది. తన తర్వాత కూడా నీడలు తయారవుతున్నాయన్నమాట. పనితనం తెలిసిన మనిషి కాబట్టి ముచ్చటపడి చూసింది. "బాగా పట్టిందే" అనుకుంది.

తర్వాత నవ్వు ఆగిపోయింది. ఛాంపియన్ ఒకదాని తర్వాత ఒకటి అన్ని బంతులూ ఆ పిల్ల కుడి మూలకే కొడుతోంది. పిల్ల వాటిని వదిలేస్తోంది. ఆలస్యంగా అందుకోవడం కూడా కాదు, బంతి వచ్చినట్టే తెలియనట్టు నిలబడుతోంది. పైగా కళ్లజోడు పెట్టుకుంది. కొత్తమ్మాయికి కళ్లజోడు లేదు. అసలు మనిషికి లేనిదాన్ని నీడ ఎప్పుడూ తగిలించుకోదు, అది ఆ పనిలో మొదటి పాఠం. మరి మావయ్య దీన్ని ఎందుకు ఒప్పుకున్నాడు? బూటులోని గులకరాయి గుర్తొచ్చి ఆమె అరికాలు జివ్వుమంది.

సాధన ముగిశాక కొత్తమ్మాయి కిందికి దిగేసరికి ఆ పిల్ల నీళ్ల కోసం కారిడార్‌లోకి వచ్చింది. కొత్తమ్మాయిని చూసి ఆగిపోయింది.

"అక్కా, మీరేనా?" అంది పుట్టిన భాషలో. "నేను మీ నీడనక్కా. ఏడాదిగా పొద్దున లేస్తే నేను మీరే."

ఎంత కాదన్నా ఆ భాషలో అక్కా అన్న పిలుపు చెవిన పడేసరికి కొత్తమ్మాయి గుండె కరిగింది.

"బాగా చేస్తున్నావు. కానీ సర్వీసుకి ముందు బ్యాట్ అలా చొక్కాకి తుడవను నేను."

"తుడుస్తారక్కా. ముందు నల్లవైపు, తర్వాత ఎర్రవైపు. మీకు తెలీదేమో."

ఇద్దరూ నవ్వారు. మనకి తెలియని మన సంగతులు మన నీడకి తెలుస్తాయి, అందులో వింతేం లేదు.

"మరి ఆ కళ్లజోడేంటి? నీకు చూపు బాగోదా?"

"బాగుంటుందక్కా. ఉత్త అద్దాలే. మాస్టారు పెట్టుకోమన్నారు." జేబులోంచి తీసి చూపించింది. కుడి అద్దం మీద బయటివైపు నల్ల టేపు అంటించి ఉంది. "ఇది పెట్టుకుంటే గానీ మీ ఆట నాకు పట్టుబడదన్నారు. మొదట్లో టేపు సన్నగా ఉండేది. మీ కొత్త ఆటలు చూసినప్పుడల్లా ఇంకో పట్టీ అంటించేవారు. ఈ మధ్యే చివరిది వేశారు. ఎందుకని అడిగితే చెప్పరు."

కొత్తమ్మాయి ఆ కళ్లజోడు తీసుకుని పెట్టుకుంది.

"చీకటైపోతుంది కదక్కా అటువైపు?" అంది పిల్ల. "నాకైతే మొదట్లో కళ్లు తిరిగి వాంతులయ్యేవి."

కొత్తమ్మాయి కారిడార్ వైపు చూసింది. నీళ్ల మిషను, బెంచీ, బెంచీ మీద ఎవరో మరిచిపోయిన తువాలు. కళ్లజోడు తీసి చూసింది. నీళ్ల మిషను, బెంచీ, తువాలు. మళ్లీ పెట్టుకుంది. ఏమీ మారలేదు. తీసినా పెట్టినా ఒకటే.

"బాగుంది" అని ఆ పిల్ల చేతిలో పెట్టేసింది.

ఇంటికి ఎలా వచ్చిందో ఆమెకే గుర్తులేదు. గుమ్మంలో నిలబడి తలుపు చెక్క మీది స్పాంజి ముక్కల్ని వేళ్లతో తడిమింది. వంటగదికి కుడివైపు. పడకగదికి కుడివైపు. మళ్లీ బయటికి వచ్చేటప్పుడు తగిలే చెక్కకి కూడా, ఆ నడకలో కుడివైపే.

"ఎడమవైపు ఎందుకు అంటించలేదు?" అని భర్తను అడిగింది.

"నువ్వు ఎడమవైపు ఎప్పుడు గుద్దుకున్నావు గనక?" అన్నాడతను, నెట్ల కొక్కేలకు నూనె రాస్తూ. "స్పాంజి ఊరికే వస్తోందా, ఇల్లంతా పరుపులు వేయడానికి?"

ఆమె తల్లికి ఫోన్ చేసింది. ఈసారి తల్లి అడగకముందే తనే అడిగింది.

"అమ్మా, నీ కళ్ల డాక్టరు నా గురించి ఏమైనా అన్నాడా?"

"అదేంటే, మావయ్య అప్పుడే చెప్పాడు కదా నీకు. మన ఇంటి ఆడపిల్లలకి రావచ్చు, ఏటా చూపించుకుంటూ ఉంటే ఆపచ్చు అన్నాడు. అందుకే కదా ప్రతిసారీ అడిగి చస్తున్నాను. చూపించుకుంటున్నావు కదా?"

"ఊఁ, చూపించుకుంటున్నానమ్మా" అంది కొత్తమ్మాయి.

అప్పుడు చెప్పకపోవడం పోటీల కోసం. సరే, దాన్ని ఎలాగో మింగొచ్చు. కానీ ఇంట్లో కూర్చుని, అన్నం చల్లారుతుంటే, మేనకోడలి చూపు ఎంత పోయిందో టేపు పట్టీలతో కొలిచాడు మనిషి. ఇంకో పట్టీ, ఇంకో పట్టీ. ఒక్క ఫోన్ చేసి ఒక్క ముక్క చెప్తే కుడిపక్క కొంతైనా మిగిలేది. ఇంటిగుట్టు లంకకు చేటంటారు. ఇక్కడ గుట్టు తెలిసినవాడు మేనమామ, కాలింది మేనకోడలి కన్ను.

కెప్టెన్‌కి చెప్తే తన బదులు వేరొకరిని దింపుతారు. డాక్టరు దగ్గరికి పరిగెత్తితే రేపటి ఆట పోతుంది. పోయిన చూపు ఎలాగూ తిరిగిరాదు, ఉన్నది ఒక్కరోజులో పోదు. రేపు ఆడి, ఆ చెయ్యి పట్టుకుని ఒక్కటే అడగాలి, ఎప్పటి నుంచి తెలుసని. తర్వాతే ఆస్పత్రి. భర్తకి కూడా చెప్పలేదు. చెప్తే ఆ వేళాకోళం ఆగిపోతుందని భయపడింది.

మర్నాడు హాలు కిక్కిరిసిపోయింది. రెండు జట్లూ సమానంగా నిలిచి, ఆఖరి ఆట కొత్తమ్మాయికీ ఛాంపియన్‌కీ మిగిలింది. ఒకప్పటి నీడా, ఆ నీడతో సాధన చేసి గెలుస్తూ వచ్చిన మనిషీ ఎదురెదురుగా నిలబడ్డారు. ఛాంపియన్ వెనక బెంచీ మీద మావయ్య కూర్చున్నాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. ఆమె వైపు చూడకుండా బూట్లకేసి చూసుకుంటున్నాడు.

మొదటి గేము పోయింది. కుడి మూలకి పడ్డ బంతులన్నీ గాల్లో పుట్టి గాల్లో మాయమైనట్టు వెళ్లిపోయాయి. జనం ఉసూరుమన్నారు. "కొత్తమ్మాయి ముంచేసేలా ఉంది" అని ఎవరో గట్టిగానే అన్నారు.

రెండో గేములో ఆమె చూడటం మానేసింది. చూసి ఏం లాభం? ముఖ్యమైన ప్రతి బంతీ ఎక్కడికి వస్తుందో నిన్న మేడమీది నుంచే చూసింది కదా. ఛాంపియన్ భుజం తెరుచుకోగానే, బంతి కోసం ఆగకుండా కుడి మూలకి వెళ్లిపోయింది. బంతి బల్ల మీద పడిన చప్పుడు విని బ్యాట్ విసిరింది. తగిలింది. మళ్లీ విసిరింది, మళ్లీ తగిలింది. నీడతో సాధన చేసినవాళ్లకి నీడే అలవాటవుతుంది. ఎడమ మూల బార్లా తెరిచి ఉన్నా ఛాంపియన్ చెయ్యి అటు పోలేదు, ఏడాది పాటు దాన్ని కుడివైపుకే మప్పారు.

మావయ్య టైమౌట్ అడిగాడు. ఛాంపియన్‌తో ఏదో చెప్తూ తలెత్తి మొదటిసారి మేనకోడలి వైపు చూశాడు. ఆమె చేతుల్నీ కాళ్లనీ చూడలేదు, కళ్లనే చూశాడు. ఆమెకు తెలిసిపోయిందని ఆయనకు అర్థమైంది.

ఆఖరి గేము చివరిదాకా సాగింది. చివరి బంతి కూడా అలవాటు చొప్పున కుడి మూలకే వచ్చింది. కొత్తమ్మాయికి బంతి కనిపించలేదు. టక్కుమన్న చప్పుడు మాత్రం వినిపించింది. ఆ చప్పుడు మీద కొట్టింది. అవతల ఛాంపియన్ కదలకుండా నిలబడిపోవడం, బంతి ఆమెను దాటి వెళ్లి నేల మీద దొర్లడం చూసి, గెలిచానని తెలుసుకుంది.

హాలు లేచి నిలబడింది. ఆమె ఛాంపియన్‌తో చెయ్యి కలిపింది. అంపైర్‌తో కలిపింది. తర్వాత మావయ్య కోసం చూసింది. బెంచీ ఖాళీగా ఉంది. తేలు కుట్టిన దొంగలా జారుకున్నాడన్నమాట. అడగాలనుకున్న ప్రశ్న గొంతులోనే ఉండిపోయింది. కాసేపు నిలబడి, బ్యాట్ సంచీలో పెట్టుకుని నడిచింది. ఆమె కదలగానే జనం ఒక్కసారిగా ఇంకా పెద్దగా అరిచారు, ఈలలు వేశారు. ఎందుకో ఆమెకు అంతుపట్టలేదు.

కారిడార్‌లో కెప్టెన్ పరిగెత్తుకుంటూ వచ్చి ఆమెను గట్టిగా కౌగిలించుకుంది.

"అక్కా," అంది. పదేళ్లలో మొదటిసారి. "ఆటది ఏముందిలే, ఎవరైనా గెలుస్తారు. చివర్లో చేశావు చూడు, అదక్కా. అందరూ అదే చెప్పుకుంటున్నారు. ఇకమీదట నిన్ను కొత్తమ్మాయి అన్నవాళ్ల నోరు నేనే మూయిస్తాను."

"చివర్లో ఏం చేశాను?"

"ఆ కోచ్ బెంచీ దిగి నీ దగ్గరిదాకా వచ్చి, చెయ్యి చాపి నిలబడ్డాడు కదా. నువ్వు కనీసం తల కూడా తిప్పకుండా, పురుగుని దాటినట్టు దాటి వచ్చేశావు. మీ మావయ్యట కదా? మన దేశం కోసం సొంత మావయ్యని కూడా లెక్కచేయలేదని జనం ఊగిపోతున్నారు."

"ఏ పక్క నిలబడ్డాడు?" అంది కొత్తమ్మాయి.

"నీ పక్కనే అక్కా. కుడిపక్కన, మూరెడు దూరం కూడా లేదు. ఏదో అన్నాడు కూడా, ఈ గోలలో వినపడలేదు. నువ్వు వచ్చేశాక కూడా చెయ్యి దించలేదు. తర్వాత అదే చెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చుండిపోయాడు. బాగా అయింది."

హాల్లో అన్ని వేలమంది చూశారు. ఆమె నిజంగా చూడలేదని తెలిసినవాడు మాత్రం ఆయన ఒక్కడే.

"నాకు కనపడలేదు" అంది కొత్తమ్మాయి.

కెప్టెన్ పగలబడి నవ్వింది. "భలే మాటక్కా. విలేకరులు అడిగినా ఇదే చెప్పు. కనపడలేదని."

"నిజంగా కనపడలేదు."

"అదీ, సరిగ్గా ఆ ముఖంతోనే చెప్పు" అని, ఆ మాట అందరికీ చెప్పడానికి కెప్టెన్ హాల్లోకి పరిగెత్తింది. కాసేపటికి లోపలి నుంచి పెద్ద నవ్వు, ఆ వెనకే చప్పట్లు వినిపించాయి.

కొత్తమ్మాయి గోడకి ఆనుకుంది. ఎక్కడో దగ్గరలో నేల తుడిచే కర్ర చప్పుడు ఆగింది.

"ఎవరు?" అంది.

"నేనే" అన్నాడు భర్త. అతను ముందు నుంచీ అక్కడే ఉన్నాడు, అంతా విన్నాడు. అందరూ నవ్విన ఆ మాటకి, వేళాకోళం తప్ప ఏమీ తెలియని ఆ మనిషి నవ్వలేదు. ఇంట్లో స్పాంజి ముక్కలు ఒక్కొక్కటే కత్తిరించి అంటించిన చేతులు కదా.

"ఎక్కడున్నావు?" అని అడిగింది ఆమె.

"ఇక్కడే, నీ పక్కనే" అన్నాడు. కర్ర గోడకి ఆనించి, ఆమె చుట్టూ తిరిగి ఎడమవైపుకు వచ్చాడు.